బ్యూప్రెనార్ఫిన్-నాలాక్సోన్ మాత్ర: పనిమంతురాలే, కానీ పెయిన్ కిల్లర్లతో అస్సలు పడదు

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. వాడేది నేను కాదు, మా అన్నయ్య. నడుం ఆపరేషన్ తర్వాత రాసిచ్చిన ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలు (ఈ రివ్యూలో పెయిన్ కిల్లర్ అంటే ఈ రకమే) ఆపుదామనుకున్న ప్రతిసారీ ఒళ్లంతా పీకులు, చెమటలు, విరేచనాలు, రాత్రంతా కాళ్లు కొట్టుకోవడం, ఇక ఇలా లాభం లేదని డీ-అడిక్షన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే నాలుక కింద పెట్టుకునే ఈ మాత్ర రాశారు. టైముకి గుర్తు చేసేది, చీటీలు చదివేది, మందుల షాపులో వాదించేది అంతా నేనే కాబట్టి రివ్యూ కూడా నా వంతే పడింది.

మాత్ర మంచిదే, అందులో డౌట్ లేదు. విత్‌డ్రాయల్ (పాత మాత్రలు ఆపితే వచ్చే ఆ బాధలు) తగ్గుద్ది, పాత మాత్రల మీద యావ తగ్గుద్ది, మనిషి మళ్లీ తిండి తిని నిద్రపోతాడు. డబ్ల్యూహెచ్ఓ వాళ్లు 2005లోనే బ్యూప్రెనార్ఫిన్‌ని, ఇదే పనికి వాడే మెథడోన్‌ని అత్యావశ్యక మందుల లిస్టులో పెట్టారు, ఊరికే పెట్టరు కదా. ఇవన్నీ చాలామంది రాసేశారు. నేను రాసేది వేరే, ఈ మాత్ర వాడే మనిషికి పన్ను నొప్పో, కాలు విరగడమో, ఆపరేషనో వస్తే ఏంటి సంగతి అని. ఎందుకంటే నొప్పి మాత్రలతోనే ఈ గొడవ మొదలైనా, నొప్పి మాత్రం జీవితంలో మళ్లీ రాకుండా పోదు. ఒక స్టార్ కోసింది కూడా అక్కడే, మాత్ర చేసే పనికి కాదు, ఆ విషయం డబ్బా మీద గానీ లోపలి కాగితంలో గానీ మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎక్కడా రాయనందుకు.

ముందు ఇందులో ఏముందో చూద్దాం. రెండు మందులు, 4కి 1 చొప్పున, అంటే 2 మి.గ్రా.కి 0.5, 8 మి.గ్రా.కి 2. అసలు పని చేసేది బ్యూప్రెనార్ఫిన్. నాలాక్సోన్ కాపలాకి పెట్టింది, నాలుక కింద కరిగితే అది పెద్దగా ఒంటికి పట్టదు, ఎవరైనా పొడి చేసి ఇంజెక్షన్ ఎక్కించుకుంటే మాత్రం గట్టిగా పట్టి విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. చాలామంది అనుకునేదేంటంటే పెయిన్ కిల్లర్‌తో గొడవ వచ్చేది ఈ నాలాక్సోన్ వల్ల అని, షాపులో ఒకాయన నాకు కూడా అదే చెప్పాడు. అది తప్పు. సరిగ్గా నాలుక కింద పెట్టుకునే వాళ్లకి గొడవంతా బ్యూప్రెనార్ఫిన్‌తోనే, నాలాక్సోన్ లేని ప్లెయిన్ మాత్ర వేసుకున్నా జరిగేది అదే.

ఎందుకంటే మెదడులో ఈ మందులన్నీ వెళ్లి కూర్చునే రిసెప్టర్లు ఒకటే. బస్సులో సీట్లు అనుకోండి. మార్ఫిన్, ఆక్సికోడోన్, కోడీన్ నుంచి పుట్టే మార్ఫిన్, అన్నీ అవే సీట్లకి పోటీ. బ్యూప్రెనార్ఫిన్‌ది గట్టి పట్టు, అప్పటికే కూర్చున్నవాణ్ణి లేపేసి మరీ కూర్చుంటుంది, కూర్చున్నాక ఒక పట్టాన లేవదు, ఒంట్లో సగానికి తగ్గడానికే ఒక రోజు పైన పడుద్ది. కానీ సీట్లో కూర్చుని అది చేసేది సగం పనే, డోసు పెంచుతూ పోయినా ఒక హద్దు దాటాక మత్తు గానీ ఊపిరి మందగించడం గానీ అంతగా పెరగవు. ఆ గుణం వల్లే ఇది మిగతావాటి కన్నా సేఫ్, ఆ గుణం వల్లే పెయిన్ కిల్లర్లతో తంటా కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఏది ముందు వేసుకున్నారు అన్నదాన్ని బట్టి రెండు రకాల అనుభవాలు.

పెయిన్ కిల్లర్ ఒంట్లో ఉండగానే దీన్ని వేసుకుంటే నరకం. ఫుల్ పని చేసే మందుని లేపేసి సగం పని చేసేది కూర్చునేసరికి, రెండు మూడు రోజుల్లో మెల్లగా రావాల్సిన విత్‌డ్రాయల్ గంట అటూ ఇటూలో ఒక్కసారిగా మీద పడుద్ది, వాంతులు, విరేచనాలు, వణుకు, ప్రాణం మీద విరక్తి. అప్పుడు తట్టుకోలేక పాత నొప్పి మాత్ర మింగినా పెద్దగా ఉపయోగం ఉండదు, సీట్లు నిండిపోయాయి కదా, ఆసుపత్రికి పోవడమే దారి. అందుకే మొదటి డోసుకి వెయిటింగ్. తొందరగా దిగిపోయే నొప్పి మాత్రలైతే ఆఖరిది వేసుకున్నాక 12 నుంచి 24 గంటలు ఆగమంటారు, మెథడోన్ అయితే కనీసం 24, చాలాసార్లు రెండు మూడు రోజులు, ఫెంటానిల్ ఎక్కువ కాలం వాడినవాళ్లకి అది కొవ్వులో పేరుకుపోతుంది కాబట్టి గడియారం లెక్క ఒక్కటే నమ్మలేం. అందుకే డాక్టర్లు గంటలతో పాటు మనిషిని కూడా చూస్తారు, కౌస్ అని ఒక స్కేలు ఉంది, 11 అంశాలు, నాడి, చెమట, కంటిపాప, ముక్కు కారడం, ఆవలింతలు, రోమాలు నిక్కబొడుచుకోవడం ఇలా.

మా అన్నయ్య కేసులో ఆ వెయిటింగే పెద్ద పరీక్ష. కుర్చీలో ముడుచుకుని కూర్చుని "మందు టేబుల్ మీదే ఉందిగా, ఇప్పుడిస్తే వీళ్ల సొమ్మేం పోయిందే" అని నా మీద విసుక్కుంటున్నాడు. డాక్టర్ గారు మాత్రం కంగారు లేకుండా వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి చర్మం మీద వేలితో రాసి చూడ్డం, టార్చి వేసి కంటిపాప చూడ్డం, ఏదో నెంబర్ రాసుకుని "ఇంకాసేపు ఆగుదామండీ" అని వెళ్లిపోవడం. వరసగా ఆవలింతలు మొదలై, ముక్కు కారి, చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాకే మొదటి మాత్ర, అది కూడా చిన్నది ఇచ్చి కూర్చోబెట్టి చూశారు. మనిషి బాధపడుతుంటే ఇంకా బాధ పెరిగేదాకా ఆగండి అనే మందు ఇంకోటి నేను చూళ్లేదు, కానీ ఆగడంలోనే అంతా ఉంది. ఈమధ్య కొన్నిచోట్ల పాత మందు ఆపకుండానే దీన్ని అతి చిన్న డోసుల్లో మొదలుపెట్టి మెల్లగా పెంచుతున్నారు కూడా, అది పూర్తిగా డాక్టర్ల చేతిలో పని, ఇంట్లో మాత్ర ముక్కలు చేసుకుని చేసే ప్రయోగం మాత్రం కాదు.

రెండోది, ఇది వాడుతూ ఉండగా పైన పెయిన్ కిల్లర్ వేసుకోవడం. ఇక్కడ నరకం ఉండదు, కానీ మాత్ర పని చెయ్యదు, లేదా అంతంతమాత్రం. అసలు ప్రమాదం ఇక్కడే, పని చెయ్యట్లేదని ఇంకోటి, ఇంకోటి వేసుకుంటూ పోతారు, బ్యూప్రెనార్ఫిన్ మెల్లగా దిగేకొద్దీ వేసుకున్నవన్నీ పని మొదలుపెడతాయి. అందుకే ఇది వాడుతూ పెయిన్ కిల్లర్ వేసుకున్నాక నొప్పి తగ్గలేదంటే డోసు పెంచడం జవాబు కాదు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యడమే జవాబు.

మాకు ఇది పన్ను పీకించినప్పుడు తగిలింది. పళ్ల డాక్టర్‌కి వాడుతున్న మందుల లిస్టు రాసిచ్చినా చీటీలో ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రాశారు. బ్రాండ్ పేరు చూస్తే ఏం తెలీదు, స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో ఉండే కంపోజిషన్ చదివితేనే లోపల ట్రమడాల్ ఉందని తెలుస్తుంది. కొనకుండానే వెనక్కి తీసుకెళ్లి చూపించా. ట్రమడాల్ "చిన్న" నొప్పి మాత్ర అని అందరి నమ్మకం, నిజానికి అది లివర్‌లో మారాకే ఓపియాయిడ్‌గా గట్టిగా పని చేస్తుంది, ఆ భాగాన్ని మన మాత్ర అడ్డుకుంటుంది, ఇంకో భాగం మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేది, దాన్ని మాత్రం అడ్డుకోదు. అంటే నొప్పి తగ్గకపోయినా ఫిట్స్ వచ్చే రిస్కు, సెరటోనిన్ రిస్కు అలాగే ఉంటాయి, డిప్రెషన్ మాత్రలు కూడా వాడేవాళ్లకి ఇంకా ఎక్కువ. లాభం సున్నా, నష్టం నిలవ. డాక్టర్ గారు కూడా చూసి వెంటనే కొట్టేసి పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ రాశారు, గొడవేం పెట్టలేదు పాపం. పన్ను పీకేటప్పుడు ఇచ్చిన మొద్దుబారే ఇంజెక్షన్ మాత్రం ఎప్పటిలాగే పని చేసింది, అది నరాన్ని అక్కడికక్కడ ఆపేది, దానికి ఈ సీట్లతో సంబంధం లేదు. ఆ రెండు మాత్రలతోనే అన్నయ్యకి గడిచిపోయింది, నాకే ఆశ్చర్యం. పారాసిటమాల్ అన్నిట్లో కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ బాగోకపోతే అంతకన్నా తక్కువే, ఐబుప్రోఫెన్‌కి కడుపు, కిడ్నీలు చూసుకోవాలి, ఇవి అందరికీ ఉన్న రూల్సే.

పళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. నోట్లో కరిగే బ్యూప్రెనార్ఫిన్ వల్ల పళ్లు పాడవుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 జనవరిలో హెచ్చరిక ఇచ్చింది. మాత్ర పూర్తిగా కరిగాక నోట్లో నీళ్లు పోసుకుని మెల్లగా తిప్పి మింగాలి, కనీసం గంట ఆగి బ్రష్ చేసుకోవాలి. అన్నయ్య పన్ను దీనివల్లే పోయిందని నేను అనను, అది ముందు నుంచీ పుచ్చే ఉంది. కానీ పళ్లు పాడుచేసే మందు, పంటి నొప్పి మాత్రని పని చెయ్యనివ్వని మందు రెండూ ఒకటే అవ్వడం కాస్త అన్యాయం అనిపిస్తుంది.

తెలియాల్సిన మంచి సంగతి, బ్యూప్రెనార్ఫిన్ స్వయంగా నొప్పి మందు. విత్‌డ్రాయల్‌ని రోజంతా ఆపినా నొప్పి తగ్గించే పని మాత్రం 6 నుంచి 8 గంటలే ఉంటుంది. అందుకని నొప్పి ఉన్నవాళ్లకి కొన్నిసార్లు అదే రోజు డోసుని మూడు నాలుగు భాగాలు చేసి వేసుకోమంటారు డాక్టర్లు. అన్నయ్యకి నడుం నొప్పి తిరగబెట్టినప్పుడు అలాగే మార్చారు, కొత్త మందు ఏమీ చేర్చకుండా. ఇంత తేలికైన విషయం లోపలి కాగితంలో ఒక్క లైన్ ఉంటే ఏం పోయేది.

ఆపరేషన్ ఉంటే ఈ మాత్ర ముందే ఆపెయ్యాలి అని ఇప్పటికీ చాలామంది చెప్తారు. పాత పద్ధతి అది. అమెరికాలో అడిక్షన్ డాక్టర్ల సంఘం 2020లో గైడ్‌లైన్ సవరించినప్పుడు ఆపరేషన్ కోసం ఆపక్కర్లేదని చెప్పింది, ఆపితే మనిషి మళ్లీ పాత దారిలో పడే రిస్కే ఎక్కువ. దీన్ని కొనసాగిస్తూనే నరానికి మత్తు, ఐబుప్రోఫెన్ లాంటివి, తప్పదంటే ఫెంటానిల్ లాంటి గట్టి మందు ఎక్కువ డోసులో, పక్కనే ఊపిరి చూసే మెషీన్ పెట్టుకుని ఆసుపత్రిలో ఇస్తారు. ఈ చివరిది ఇంట్లో మాత్రలతో చేసుకునేది కాదని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా. మత్తు డాక్టర్‌కి ముందు రోజు కాదు, ఆపరేషన్ డేట్ అనుకున్న రోజే చెప్పాలి.

పెంటజోసిన్, బ్యూటార్ఫనాల్, నాల్‌బ్యూఫిన్ అనే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఎమర్జెన్సీలో నొప్పికి టక్కున పొడిచేస్తుంటారు. ఇవి కొంత పని చేసి కొంత అడ్డుకునే రకం, మెథడోన్ లాంటి ఫుల్ మందు మీద ఉన్నవాళ్లకి ఇస్తే అక్కడికక్కడే విత్‌డ్రాయల్. పేర్లు గుర్తు పెట్టుకోండి.

నిద్ర మాత్రలు, మద్యం, నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, ప్రెగాబలిన్. ఇవి పెయిన్ కిల్లర్లు కాదు కదా అంటారేమో, నడుం నొప్పికి ప్రెగాబలిన్ రాయని డాక్టర్ ఉంటే చెప్పండి. నేను పైన చెప్పానే ఊపిరి మందగించడానికి ఒక హద్దు ఉంటుందని, అది ఈ మాత్ర ఒక్కటే ఉన్నప్పుడు మాట. అల్ప్రజోలామ్ లాంటి నిద్ర మాత్రలు, మద్యం కలిస్తే ఆ హద్దు ఉండదు. ఓపియాయిడ్లు, ఈ నిద్ర మాత్రల కలయిక మీద ఎఫ్‌డీఏ 2016లో పెద్ద హెచ్చరిక పెట్టించింది, మళ్లీ 2017లో ఆ ఒక్క కారణంతో ఈ మాత్ర ఇవ్వడం మానెయ్యొద్దని డాక్టర్లకి చెప్పింది, మానేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది కాబట్టి. 2019లో గబాపెంటిన్, ప్రెగాబలిన్ మీద కూడా ఊపిరి హెచ్చరిక వచ్చింది. అన్నయ్యకి ప్రెగాబలిన్ ఉంది, ఇద్దరు డాక్టర్లకీ తెలుసు, డోసు తక్కువే, రాత్రి పూట గురక మారితే చెప్పమని వదినకి చెప్పారు.

వేరేవాటితో పోలిస్తే ఎలా అని అడిగేవాళ్లకి. మెథడోన్ ఫుల్‌గా పని చేసేది కాబట్టి పైన వేసే నొప్పి మందుని ఇలా అడ్డుకోదు, కానీ ఒళ్లు అలవాటు పడిపోయి మామూలు డోసు ఆనదు, పైగా రెండూ కలిసి ఊపిరి మీద పడతాయి. ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, నొప్పి తగ్గించేది మాత్రం కొన్ని గంటలే, ఆ తేడాని నమ్ముకుని ఇంకో డోసు వేసుకున్నవాళ్లు లేవకుండా పోయిన కేసులు అందుకే. గుండె ఈసీజీలో క్యూటీ అనే గ్యాప్‌ని పెంచుతుంది, అది పెరిగితే గుండె లయ తప్పొచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ దాన్ని త్వరగా కరిగించేసి విత్‌డ్రాయల్ తెప్పిస్తాయి. నాల్‌ట్రెక్సోన్ ఇంకో రకం, సీట్లకి తాళం వేసేస్తుంది, యావ ఉన్నా లేకున్నా ఏదీ ఎక్కదు. మొదలుపెట్టాలంటే 7 నుంచి 10 రోజులు ఓపియాయిడ్ ఏదీ ఉండకూడదు, మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ వాడినవాళ్లకి ఇంకా ఎక్కువ. ఆపరేషన్ ఉంటే మాత్ర 72 గంటల ముందు ఆపాలి, నెల ఇంజెక్షన్ అయితే దాని టైము అయ్యేదాకా చూడాల్సిందే. ఆపేశాక పాత డోసు పెయిన్ కిల్లర్ వేసుకుంటే ఒళ్లు తట్టుకోదు, ప్రాణం పోయేది అలాంటప్పుడే. నడుం నొప్పి ఎప్పుడు ముదురుతుందో తెలియని మా అన్నయ్య లాంటివాళ్లకి నేనైతే అది వద్దంటా.

క్లోనిడిన్, లోఫెక్సిడిన్ అసలు ఓపియాయిడ్లే కావు, చెమటలు, వణుకు, గుండెదడ తగ్గిస్తాయి, సీట్ల జోలికే పోవు, నొప్పి మందుని అడ్డుకోవు. లోఫెక్సిడిన్‌కి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, 14 రోజుల దాకా వాడే మందు. బీపీ పడిపోతుంది, లేవగానే కళ్లు తిరుగుతాయి, లోఫెక్సిడిన్‌ని మెథడోన్‌తో కలిపితే క్యూటీ గొడవ. యావ మీద మాత్రం పెద్ద పని చెయ్యవు. విరేచనాలకి లోపెరమైడ్ చాలామంది గుప్పెళ్లు గుప్పెళ్లు మింగుతారు విత్‌డ్రాయల్ ఆగుద్దని, అది ఓవర్ డోసులో గుండె లయనే ఆపేస్తుంది, దయచేసి వద్దు.

మాత్ర మీద నా చిన్న చిన్న కంప్లయింట్లు: రుచి ఘోరం, పైన నిమ్మకాయ ఫ్లేవర్ లోపల చేదు, కరగడానికి పది నిమిషాల దాకా, ఆ సేపు మాట్లాడకూడదు ఉమ్ము మింగకూడదు, మింగేస్తే చాలా భాగం దండగ, కడుపులోంచి పెద్దగా ఒంటికి పట్టదు. మలబద్ధకం ఉంది. పిల్లలున్న ఇంట్లో తాళం వేసి పెట్టాలి, పెద్దవాళ్లకి సేఫ్ అన్న మాట పిల్లలకి వర్తించదు, ఒక్క మాత్రే ప్రాణం మీదకి తెస్తుంది. నాలాక్సోన్ ముక్కు స్ప్రే ఇంట్లో ఉంచుకోమన్నారు, ఉంచాం, దాని పని 30 నుంచి 90 నిమిషాలే, కొట్టాక కూడా అంబులెన్స్ పిలవాలి, బ్యూప్రెనార్ఫిన్ గట్టి పట్టు మీద ఒక్క స్ప్రే సరిపోకపోవచ్చు కూడా.

అన్నయ్య పర్సులో ఒక చీటీ పెట్టా. మాత్ర పేరు, డోసు, డాక్టర్ ఫోన్, కింద "ట్రమడాల్, కోడీన్, పెంటజోసిన్ ఇవ్వకండి, ముందు ఫోన్ చేయండి, మొద్దుబారే ఇంజెక్షన్, పారాసిటమాల్ ఇవ్వొచ్చు" అని. మొదట సిగ్గుపడ్డాడు, అందరికీ తెలుస్తుందని. తర్వాత తనే దాన్ని లామినేషన్ చేయించుకున్నాడు.

ఇప్పుడు డాక్టర్ గారు నెలకోసారి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్‌కి మారదామా అంటున్నారు, 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది దానికి. రోజూ చేదు పీడ ఉండదు, మర్చిపోయే గొడవ ఉండదు. కానీ పెయిన్ కిల్లర్లతో పడకపోవడం కూడా నెల పొడుగునా ఉంటుంది, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత కూడా చాలాకాలం ఒంట్లోంచి పోదు. నడుంలో వేసిన స్క్రూ ఒకటి వదులైందని స్కాన్‌లో వచ్చింది, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. మత్తు డాక్టర్‌తో మాట్లాడేదాకా మాత్రే ఉంచండి అని చెప్పి వచ్చాం.